రెండు కళ్లు, రెండు గ్లకోమా ఆపరేషన్లు: ఇన్నేళ్ల తర్వాత నా రివ్యూ

గ్లకోమా అంటే కంటి లోపల ప్రెషర్ పెరిగి కంటి నరాన్ని దెబ్బతీసే జబ్బు. దానికి నా కుడికంటికి 2012లో ట్రాబెక్యులెక్టమీ, అంటే కంట్లోని నీటికి కొత్త దారి వేసే ఆపరేషన్, జరిగింది. ఎడమకంటికి మరుసటి ఏడాది అదే ఆపరేషన్ చేశారు. కొన్నేళ్లకు అది పనిచేయడం మానేస్తే 2017లో నీటిని బయటికి పంపే సన్నటి ట్యూబు పెట్టారు. ఆపరేషన్ అయిన వారానికే రాసేసే రివ్యూలు చాలా చదివాను. గది శుభ్రంగా ఉంది, సిస్టర్లు ఓపికగా మాట్లాడారు, నొప్పి తెలియలేదు అని ఉంటాయి. శుక్లం ఆపరేషన్‌కి ఆ మాటలు సరిపోతాయేమో. మర్నాడు కట్టు విప్పగానే గోడమీద క్యాలెండర్‌లో తిథి కూడా కనిపిస్తుంది, బాగైందో లేదో అక్కడే తేలిపోతుంది. గ్లకోమాలో అలా తేలదు. పోయిన చూపు రాదు, ఉన్నది నిలబడిందా లేదా అన్నది ఏళ్లు గడిస్తే గాని తెలియదు. నాకు ఆ ఏళ్లు గడిచాయి కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. ఆసుపత్రుల పేర్లు రాయడం లేదు. నేను చెప్పదలుచుకున్నది ఆపరేషన్ గురించి, ఆ తర్వాత అందాల్సిన సేవ గురించి.

తెనాలి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఇంకా పాఠాలు చెబుతున్న రోజుల్లోనే, దగ్గరి చూపు అద్దాలు మార్పించుకుందామని వెళ్తే, అక్కడి అమ్మాయి కంటి ప్రెషర్ చూసి, ఇంకోసారి చూసి, డాక్టర్ని పిలుచుకొచ్చింది. కుడికంట్లో 34, ఎడమకంట్లో 30. మామూలుగా 10 నుంచి 21 మధ్య ఉండాలట. నొప్పి లేదు, ఎరుపు లేదు, బోర్డు మీద అక్షరాలు స్పష్టంగానే కనిపిస్తున్నాయి. కాకపోతే క్లాసులో ప్లాట్‌ఫాం దిగేటప్పుడు దాని అంచు కనపడక తడబడుతూ ఉండేదాన్ని. అది కంటి సంగతని ఎవరికీ తట్టదు. చుట్టూ ఎంత మేర కనపడుతోందో కొలిచే ఫీల్డ్ టెస్టు చేశాక తెలిసింది, కుడికంటికి కింది సగంలో ముక్కు వైపు భాగం చాలావరకు పోయిందని. హైదరాబాద్‌లో 1990ల చివర చేసిన పెద్ద సర్వేలో ఓపెన్ యాంగిల్ అనే, నెమ్మదిగా ముదిరే రకం గ్లకోమా ఉన్నవాళ్లలో నూటికి 90 మందికి పైగా తమకు ఆ జబ్బుందని తెలియదని తేలింది. నాకది వింతగా అనిపించలేదు. ఈ జబ్బు అలాంటిది.

కంటి లోపల ఒక నీరు నిరంతరం ఊరుతూ, నల్లగుడ్డు అంచున ఉండే సన్నటి జల్లెడ గుండా బయటికి పోతూ ఉంటుంది. ఆ దారి మందగిస్తే లోపల ప్రెషర్ పెరిగి వెనకున్న కంటి నరం నెమ్మదిగా చచ్చిపోతుంది. చెరువుకు తూము పూడిపోతే పక్కన ఇంకో తూము తవ్వినట్టు, ట్రాబెక్యులెక్టమీలో ఆ నీటికి కొత్త దారి వేస్తారు. ఆపరేషన్ అంతా ఇంతే. కష్టమంతా ఆ దారిని తెరిచి ఉంచడంలో ఉంది.

ముందు చుక్కల మందులతో నడిపారు. టిమొలాల్, లాటనోప్రోస్ట్, తర్వాత బ్రిమోనిడిన్. మూడు సీసాలు, మూడు వేళలు. బ్రిమోనిడిన్ నాకు పడలేదు. కొన్ని నెలలకు రెప్పలు ఎర్రబడి దురద మొదలైంది. అన్నీ వేసినా కుడికంట్లో ప్రెషర్ 22 దగ్గర ఆగింది. 34 నుంచి 22కి వచ్చిందంటే బాగానే ఉంది కదా అన్నాను. డాక్టరుగారు నా నరం ఫోటో చూపించి, "టీచర్ గారూ, నరం ఇంత దెబ్బతిన్నాక 22 సరిపోదు. మీకు 12 దగ్గర ఉండాలి" అన్నారు.

ఆ 12 ఎక్కడిదో తర్వాత తెలుసుకున్నాను. గ్లకోమా ముదిరినవాళ్ల మీద అమెరికాలో ఏజిస్ అని ఒక పెద్ద పరిశీలన జరిగింది, ఫలితాలు 2000లో వచ్చాయి. చూపించుకోవడానికి వచ్చిన ప్రతిసారీ 18కి లోపే ఉన్న కళ్లలో సగటు ప్రెషర్ దాదాపు 12. ఆ కళ్లలో చూపు పరిధి సగటున ఏళ్ల తరబడి దాదాపు అలాగే నిలిచింది. తరచూ 18 దాటిన కళ్లలో తగ్గుతూ వచ్చింది. నాకు ఆపరేషన్ అయిన చాలాకాలానికి, 2021లో, బ్రిటన్ నుంచి ఇంకో ఫలితం వచ్చింది. జబ్బు ముదిరాక బయటపడిన 453 మందిలో కొందరికి నేరుగా ట్రాబెక్యులెక్టమీ చేశారు, మిగతావారికి చుక్కల మందులు ఇచ్చారు. రెండేళ్లకు సగటు ప్రెషర్ ఆపరేషన్ వాళ్లకు 12.4, మందుల వాళ్లకు 15.1. ఆపరేషన్ వల్ల అదనంగా పెద్ద ప్రమాదమేదీ కనపడలేదు. "ఆపరేషన్ ఆఖరి మాట, అప్పటిదాకా మందులతోనే లాగండి" అని సలహా ఇచ్చే బంధువులకు నేను ఈ లెక్కే చెబుతాను. నరం అప్పటికే బాగా దెబ్బతిన్నవాళ్లు వాయిదా వేయడం వల్ల ఏమీ కలిసిరాదు.

ఇక ఆపరేషన్. కంటి చుట్టూ మత్తు సూది ఇచ్చారు, మెలకువగానే ఉన్నాను. దాదాపు ముప్పావుగంట. తెల్లగుడ్డు మీది పల్చటి పొరను విడదీసి, తెల్లగుడ్డు గోడను సగం మందంలో చతురస్రంగా కోసి పైకి లేపుతారు. దాని కింద నుంచి లోపలికి చిన్న రంధ్రం చేసి, ఆ ముక్కను మళ్లీ వదులుగా కుట్టేస్తారు. నీరు ఆ అంచుల నుంచి ఊరి, పై పొర కింద చేరి, పైరెప్ప చాటున చిన్న బొబ్బలా ఉబ్బుతుంది. దాన్ని బ్లెబ్ అంటారు. కెయిర్న్స్ అనే బ్రిటిష్ డాక్టర్ 1968లో రాసిన పద్ధతి ఇది. ఇప్పటికీ గ్లకోమా ఆపరేషన్లలో కొలమానం ఇదే.

మధ్యలో మైటోమైసిన్ అనే మందులో ముంచిన చిన్న స్పాంజీ ముక్కలు రెండు మూడు నిమిషాలు అక్కడ ఉంచి కడిగేశారు. క్యాన్సర్‌కి వాడే మందు అని ఫారం మీద చదివి భయపడ్డాను. డాక్టరుగారు విడమరిచి చెప్పారు: మిగతా ఆపరేషన్లలో గాయం త్వరగా మానాలని కోరుకుంటాం, ఇందులో పూర్తిగా మానిందంటే దారి మూసుకుపోయినట్టే. మచ్చ కట్టే కణాలను ఈ మందు అణచిపెడుతుంది. ఫారం మీద సంతకం పెట్టించుకునే ముందు ఇలా అర్థమయ్యేలా చెప్పేవాళ్లు దొరకడం నా అదృష్టం. ఆ విషయంలో ఆ డాక్టరుగారికి నేను పూర్తి మార్కులు వేస్తాను.

ఆపరేషన్ థియేటర్లో జరిగేది సగమే. మిగతా సగం తర్వాతి ఆరేడు వారాల్లో, కంటిని పెద్దదిగా చూపే స్లిట్ ల్యాంప్ ముందు గడ్డం ఆనించి కూర్చున్నప్పుడు జరుగుతుంది. నాకు మర్నాడు ప్రెషర్ 8. రెండో వారానికి 19. ఇంట్లో అందరం కంగారు పడ్డాం. డాక్టరుగారు మాత్రం కంగారు పడలేదు. కన్ను మొద్దుబారడానికి చుక్క వేసి, కిందికి చూడమని, సన్నటి ఫోర్సెప్స్‌తో ఒక కుట్టు కొసను పట్టి మెల్లగా లాగేశారు. నల్లటి నైలాన్ దారం, వెంట్రుకలో సగం మందం కూడా లేదు. దాన్ని గాజుపలక మీద పెట్టి చూపించారు. కాసేపు బయట కూర్చోబెట్టి మళ్లీ చూస్తే 11. ఇలా అవసరాన్ని బట్టి తీయడానికి వీలుగానే ఆ కుట్టు వేస్తారట. తొందరపడి ముందే తీస్తే ప్రెషర్ మరీ పడిపోతుంది, ఆలస్యమైతే మచ్చ కట్టేస్తుంది. ఎప్పుడు తీయాలో తెలిసిన చేతికే నేను డబ్బు కట్టానని అప్పుడు అనిపించింది.

ఎడమకంటికి ప్రెషర్ మరీ పడిపోయే ఆ ప్రమాదమే ఎదురైంది. నాలుగో రోజు ప్రెషర్ 4. లోపలి పొర ఉబ్బి, చూపు అంతా మసక. ఇంకో ఆపరేషన్ చేస్తారేమోనని రెండు వారాలు టెన్షన్. అట్రోపిన్ చుక్కలతోనే సర్దుకుంది. ఇలా జరగవచ్చని ముందే చెప్పి ఉన్నారు కాబట్టి తట్టుకున్నాం.

ఆ వారాల గురించి ఎవరూ సరిగా రాయని సంగతులు కొన్ని ఉన్నాయి. ఆపరేషన్ ముందు ఎంత కనపడేదో, ఆ తర్వాత కొన్ని వారాలు అంతకంటే తక్కువే కనపడుతుంది. అది మామూలే. స్టిరాయిడ్ చుక్కలు మొదట్లో దాదాపు గంటకోసారి వేయాలి, తర్వాత నెమ్మదిగా తగ్గించాలి. చూడటానికి ఇంట్లో ఒక మనిషి కావాలి. మావారు సెలవు పెట్టి ఆ పని చేశారు. వంగి ముగ్గు వేయకూడదు, బిందె ఎత్తకూడదు, తలకు పోసుకుంటే వెనక్కి వాల్చి పోసుకోవాలి. పథ్యం మాత్రం ఏమీ లేదు. మా అత్తయ్యగారు వంకాయ, గోంగూర, చింతపండు అన్నీ బంద్ చేస్తే, డాక్టరుగారిని అడిగి మళ్లీ మొదలుపెట్టాను. ఖర్చు చూస్తే, ఆపరేషన్ బిల్లు కంటే హైదరాబాద్‌కి రైలు ఛార్జీలు, బస, మందులే ఎక్కువయ్యాయి. దూరం ఊళ్ల నుంచి వెళ్లేవాళ్లు ఆ లెక్క ముందే వేసుకోవాలి.

ఇప్పుడు కుడికన్ను సంగతి. మొదటి రోజు నుంచి ప్రతి రీడింగునూ గ్రాఫ్ పేపర్ మీద పెడుతున్నాను. కింద తేదీ, పక్కన ప్రెషర్. 34 దగ్గర మొదలై, చుక్కలతో 22కి దిగి, 2012 ఆపరేషన్ తర్వాత 10కి, 13కి మధ్య దాదాపు సమాంతరంగా సాగుతోంది. చుక్కల మందు లేదు. ఫీల్డ్ టెస్టులో చూపు మొత్తం మీద ఎంత తగ్గిందో డెసిబెల్స్‌లో చెప్పే ఎండీ అనే అంకె అప్పుడు మైనస్ 13.8, ఇప్పుడు మైనస్ 15 దగ్గర. ఇన్నేళ్లలో ఒక్క డెసిబెల్ పైచిలుకు మాత్రమే తగ్గింది. వయసుతో తగ్గేదాన్ని ఆ లెక్కలోంచి ముందే తీసేస్తారు. నా కళ్ల విషయంలో అన్నిటికంటే విలువైన అంకె ఇదే. ప్రెషర్ బాగుందని సంబరపడి ఫీల్డ్ టెస్టు మానేసేవాళ్లను వెయిటింగ్ హాల్లో చాలామందిని చూశాను. దయచేసి మానొద్దు. ఆ టెస్టు విసుగే, ఒప్పుకుంటాను. చీకటి గదిలో ఒక కన్ను మూసి, తెల్లటి గుండ్రటి యంత్రంలో గడ్డం పెట్టి, మధ్యలో పసుపు లైటునే చూస్తూ, ఎక్కడో మినుకుమన్నప్పుడల్లా బటన్ నొక్కాలి. చాలాసేపు ఏమీ కనపడదు. యంత్రం ఆగిపోయిందేమో అనిపిస్తుంది. ఆగలేదు, మనకు కనపడని చోట వెలిగిస్తోంది. "అమ్మా, పసుపు లైటు మీదే చూపు ఉంచండి, రెప్ప కొట్టుకోవచ్చు, పర్వాలేదు" అని పక్కన కూర్చుని చెప్పే అమ్మాయి ఉన్నరోజు రిపోర్టు నమ్మదగ్గట్టు వస్తుంది. బటన్ చేతికిచ్చి వెళ్లిపోయే చోట రాదు. ఇద్దరినీ చూశాను.

కుడికంటికి లోట్లు లేకపోలేదు. ఈ ఆపరేషన్ తర్వాత శుక్లం త్వరగా వస్తుంది, నాకు 2016లో తీయించాల్సి వచ్చింది. శుక్లం ఆపరేషన్ వల్ల బ్లెబ్ మూసుకుపోయే అవకాశం ఉంటుంది కాబట్టి గ్లకోమా డాక్టరుగారి చేతే చేయించుకున్నాను. పైరెప్ప కొద్దిగా వాలింది. పొద్దున లేవగానే కంట్లో నలక ఉన్నట్టు ఉంటుంది, కృత్రిమ కన్నీళ్ల చుక్కలతో సర్దుకుంటుంది. అద్దం ముందు కిందికి చూస్తూ రెప్ప ఎత్తితే బ్లెబ్ కనిపిస్తుంది, పాలిపోయి, పల్చగా, నీటితో నిండిన చిన్న ఉబ్బు. నా చూపంతా దాని మీద ఆధారపడి ఉంది.

ఎడమకన్ను వేరే కథ. అదే డాక్టరుగారు, అదే మందు, అదే పద్ధతి. అయినా 2016 నుంచి గ్రాఫు ఎక్కడం మొదలైంది: 15, 18, 24. బ్లెబ్ చదునైపోయింది, చుట్టూ మచ్చ కట్టింది. సూదితో ఆ మచ్చను విడదీసి మందు వేశారు, కొన్ని నెలలే నిలిచింది. ఇది ఎవరి తప్పూ కాదు. కొన్ని శరీరాలు గాయాన్ని గట్టిగా మానుస్తాయి. ట్రాబెక్యులెక్టమీ చేయించుకునే ప్రతివారూ కొన్నేళ్లకు ఇంకో ఆపరేషన్ లేదా చుక్కలు అవసరం కావచ్చని మనసులో పెట్టుకోవాలి. జీవితాంతం గ్యారంటీ అని ఎవరైనా చెబితే నమ్మకండి.

2017లో ఆ కంటికి ట్యూబు పెట్టారు. దాన్ని ఆడి (AADI) అంటారు, మదురైలో అరవింద్ కంటి ఆసుపత్రి వాళ్ల ఆరోల్యాబ్ తయారుచేస్తుంది. వాల్వు ఉండే దిగుమతి ట్యూబుల ధరలో చిన్న భాగానికే వస్తుంది. చిన్న సిలికాన్ పలకను కంటి పైభాగంలో కండరాల కింద అమర్చి, దాని సన్నటి గొట్టం కొసను కంటి ముందుగదిలోకి పెడతారు. గొట్టం పై పొరను ఒరుసుకుని బయటపడకుండా దాని మీద ఒక ముక్క కప్పుతారు. నాకు కప్పింది ఎవరో దానం చేసిన కంటిలోంచి తీసిన తెల్లపొర. నేత్రదానం అంటే నల్లగుడ్డు మార్పిడికి మాత్రమే అనుకునేవాళ్లకు ఈ సంగతి చెప్పాలి. మావారూ నేనూ ఆ ఏడాదే నేత్రదానానికి పేర్లిచ్చాం.

ఈ ట్యూబుకు వాల్వు ఉండదు. వెంటనే నీరంతా పోకుండా గొట్టాన్ని కరిగిపోయే దారంతో బిగించి కడతారు. అందుకని ఆపరేషన్ అయినా మొదటి ఐదారు వారాలు ప్రెషర్ తగ్గలేదు, చుక్కలు వేస్తూనే ఉండాలి. 26 ఉంది. డబ్బు, శ్రమ అన్నీ వృథా అయ్యాయేమో అని మా అబ్బాయి ఫోన్లో గొడవ. ఒకరోజు కన్ను కాస్త బరువుగా, చూపు కాస్త మసగ్గా అనిపించింది. ముందే చెప్పినట్టు వెళ్లి చూపించుకుంటే 11. దారం కరిగి గొట్టం తెరుచుకుంది. ఇప్పుడు ఒక చుక్క మందుతో 14, 15 మధ్య ఉంటోంది. ఫీల్డ్ నిలకడగా ఉంది. మొదట్లో పైకి చూస్తే రెండుగా కనపడేది, అది పోయింది.

ఏది మంచిదని నన్ను చాలామంది అడుగుతారు. అప్పటికే ఏదో ఒక ఆపరేషన్ జరిగిన కళ్ల మీద అమెరికాలో చేసిన పోలికలో ఐదేళ్లకు విఫలమైనవి ట్యూబులో దాదాపు 30 శాతం, ట్రాబెక్యులెక్టమీలో దాదాపు 47 శాతం. ఇంతకుముందు ఏ కోతా పడని కళ్ల మీద చేసిన తర్వాతి పోలికలో ట్యూబుకు ఆ ఆధిక్యం కనపడలేదు. నా రెండు కళ్లూ ఈ లెక్కకు తగ్గట్టే నడిచాయి. ప్రెషర్ బాగా దిగాలి, చుక్కలు మానాలి అంటే మొదటి ఆపరేషన్‌గా ట్రాబెక్యులెక్టమీకే నా ఓటు. అది పోయిన కంటికి మళ్లీ అదే చేయించుకోవడం కంటే ట్యూబు నయం.

ఒక చేదు అనుభవం రాయక తప్పదు. 2019 వేసవిలో ఒక సాయంత్రం కుడికన్ను ఎర్రబడింది, వెలుతురు చూడలేకపోయాను, పుసి కట్టింది. మా ఊళ్లో ఒక కంటి క్లినిక్‌కి వెళ్లాం. "నాకు బ్లెబ్ ఉంది" అని రెండుసార్లు చెప్పాను. రెప్ప ఎత్తి చూడకుండానే కళ్లకలక అని చుక్కలు రాసి, మూడు రోజుల తర్వాత రమ్మన్నారు. బ్లెబ్ ఉన్న కంటికి మూడు రోజులంటే చూపు పోవడానికి సరిపడా సమయం. ఆ పల్చటి పొర గుండా క్రిములు లోపలికి దిగితే కన్నే పోవచ్చు. ఆసుపత్రి ఇచ్చిన కార్డు వెనక నాలుగు గుర్తులు రాసి ఉన్నాయి: ఎరుపు, వెలుతురు పడకపోవడం, చూపు తగ్గడం, నొప్పి. ఏ ఒక్కటి ఉన్నా అదే రోజు రావాలి. ఆ రాత్రే కారు మాట్లాడుకుని విజయవాడ వెళ్లాం. డ్యూటీలో ఉన్న చిన్న డాక్టరమ్మ బ్లెబ్ పాలలా తెల్లబడటం చూసి, ఇన్ఫెక్షన్ ఇంకా లోపలికి దిగలేదని చెప్పి, రాత్రంతా గంటగంటకూ యాంటీబయాటిక్ చుక్కలు వేయించింది. కన్ను దక్కింది. జపాన్‌లో వెయ్యికి పైగా కళ్లను ఐదేళ్లు గమనిస్తే దాదాపు 2 శాతం కళ్లలో ఇలాంటి ఇన్ఫెక్షన్ వచ్చింది. అంకె చిన్నదే. కానీ ఆపరేషన్ అయిన ఎన్నేళ్లకైనా రావచ్చు. మా ఊరి క్లినిక్ మీద నాకు ఇప్పటికీ కోపం ఉంది. తెలియకపోవడం తప్పు కాదు. రోగి చెబుతున్నది వినకపోవడం తప్పు.

ఇంకో మాట, మీ అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు, పిల్లల గురించి. ఈ జబ్బు రక్తసంబంధీకుల్లో మిగతావాళ్ల కంటే చాలా ఎక్కువగా వస్తుంది. నా మొదటి ఆపరేషన్ అప్పుడే డాక్టరుగారు పట్టుబట్టి మా తమ్ముడిని పిలిపించారు. వాడికి ప్రెషర్ 26, నరం ఇంకా బాగానే ఉంది. ఒక్క చుక్క మందుతో ఈనాటికీ బండి నడుపుకుంటున్నాడు.

ఆసుపత్రి ఎంచుకునేటప్పుడు బిల్డింగు, గది అద్దె తర్వాత చూసుకోండి. ముందు కౌంటర్ దగ్గర మూడు ప్రశ్నలు అడగండి. ఆపరేషన్ చేసినవారే తర్వాత వారాల్లో కుట్లు చూస్తారా, లేక ఆరోజు ఎవరుంటే వాళ్లా? రాత్రి కన్ను ఎర్రబడితే ఫోన్ ఎత్తి, వెంటనే చూసే గ్లకోమా డాక్టర్ ఉంటారా? పాత ఫీల్డ్ టెస్టు కాగితాలన్నీ వరసగా పెట్టి పోల్చి చెబుతారా, లేక ఆరోజు కాగితం ఒక్కటే చూసి పంపిస్తారా? నేను హైదరాబాద్ నుంచి విజయవాడకు ఫైలు మార్పించుకునేటప్పుడు మూడూ అడిగాను. మూడో ప్రశ్నకు అక్కడి డాక్టరుగారు నా గ్రాఫ్ పేపర్ తీసుకుని జిరాక్స్ తీయించి ఫైల్లో పెట్టుకున్నారు. అక్కడే చూపించుకుంటున్నాను.